ఇంటికొచ్చే అతిథుల కోసం సాంగ్రియా: ఏ వైన్, ఏ పండ్లు, ఎంత తీపి?

రాజురా_రేవతి
మార్చి రెండో వారంలో మా మరిది స్నేహితులు, వారి భార్యలతో కలిపి పన్నెండు మంది మా ఇంటి మేడ మీద రాత్రి భోజనానికి వస్తున్నారు. వారిలో ఏడుగురు మద్యం తీసుకుంటారు, మిగిలిన ఐదుగురు తీసుకోరు. వైన్‌లో పండ్లు నానబెట్టి చేసే సాంగ్రియా చేయమని మరిది అడిగాడు. నేను దానిని నాగ్‌పూర్‌లో ఒక హోటల్లో ఒక్కసారే తాగాను. గులాబీ షర్బత్ తాగినంత తీపిగా ఉంది, పండ్ల వాసన ఎక్కడా తెలియలేదు, గ్లాసు సగంలోనే వదిలేశాను. ఇంట్లో చేస్తే అలా కాకూడదని నా పట్టుదల. ఎలాంటి వైన్ కొనాలి, బ్రాందీ కలపాలా వద్దా, ఎన్ని గంటల ముందు కలిపి పెట్టుకోవాలి అన్నవి నా ప్రశ్నలు. మద్యం తీసుకోని ఐదుగురి ముందు కూల్‌డ్రింక్ సీసా పెట్టి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు కనుక, వారి కోసం ఏం చేయవచ్చో కూడా చెప్పండి.

కిన్వట్_కుర్రాడు
బ్రాందీ లేకపోతే అది సాంగ్రియా కాదు, వైన్‌లో పండ్లు వేసిన గిన్నె మాత్రమే. తప్పకుండా కలపండి.

గ్లాసుల_వెనుక
నా సొంత ఊరు బల్లార్షా. నాగ్‌పూర్‌లో ఒక హోటల్ బార్‌లో పని చేస్తున్నాను. రేవతి గారు చెప్పిన ఆ మితిమీరిన తీపి చాలావరకు సీసాల్లో వచ్చే పండ్ల సిరప్‌ల వల్ల వస్తుంది. ఒకేసారి పెద్ద మొత్తంలో కలిపి పెట్టేచోట పండ్లు కోసే తీరిక లేక సిరప్ పోసేస్తారు. ఇంట్లో మీకు ఆ తొందర లేదు.

750 మిల్లీలీటర్ల రెడ్ వైన్ సీసా ఒకదానికి కొలత ఇది. రెండు సంత్రాలు (కమలాపండ్లు), ఒక ఆపిల్, ఒక నిమ్మకాయ, రెండు పెద్ద చెంచాల పంచదార, వేలెడంత దాల్చినచెక్క, మరో రెండు సంత్రాల నుంచి తీసిన 100 మిల్లీలీటర్ల తాజా రసం, కలపదలచుకుంటే 60 మిల్లీలీటర్ల బ్రాందీ, వడ్డించే ముందు 250 మిల్లీలీటర్ల సాదా సోడా. ముందుగా పండ్ల ముక్కల మీద పంచదార చల్లి అరగంట పక్కన పెట్టండి. చల్లటి వైన్‌లో పంచదార సులువుగా కరగదు, అడుగున పేరుకుంటుంది. తాగేవారికి మొదటి గ్లాసు పుల్లగానూ చివరి గ్లాసు పాకంలానూ తగులుతుంది. అదే పండ్ల మీద చల్లితే పండు తన రసాన్ని తానే వదులుతుంది, పంచదార ఆ రసంలో కరుగుతుంది. ఆ తరువాత బ్రాందీ, దాల్చినచెక్క, వైన్ వేసి మూత పెట్టి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. రసం, సోడా, ఐసు ఈ మూడూ అతిథులు కూర్చున్నాకే కలపాలి. సోడాను ముందే పోస్తే బుడగ చచ్చిపోయి నీరు మిగులుతుంది.

వైన్ ఖరీదైనది అక్కరలేదు. అలాగని నోట పెట్టలేని వైన్‌ను పండ్లు బాగుచేస్తాయని కూడా నమ్మకండి, దానిలోని లోపం చల్లదనంలో కాసేపు దాగుతుందే తప్ప పోదు. సీసా మీద డ్రై (తీపి లేనిది) అని రాసి ఉన్న, ఓక్ పీపాల్లో నిల్వ పెట్టని, కొత్త వైన్ కావాలి. పీపాలో ఉన్న వైన్‌కు వచ్చే చెక్క వాసన, వగరు సంత్రాతో పొసగవు. నాసిక్ నుంచి వచ్చే మామూలు షిరాజ్ గాని, మెర్లో గాని సరిపోతుంది. ఏడుగురికి రెండు సీసాలు చాలు, మూడోది మూత తీయకుండా అట్టే పెట్టుకోండి.

సోలాపూర్_మగ్గం
మేము తరాల క్రితం మగ్గం పని కోసం సోలాపూర్ వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లం. వైన్ కోసం నాసిక్ ఒక్కటే చూడనక్కరలేదు, మా జిల్లాలోని అకలూజ్ దగ్గర వైన్ తయారుచేసే ఫ్రాటెల్లి వారి తోటలు ఉన్నాయి, అక్కడ ఇటలీ రకమైన సాంజోవేసే ద్రాక్ష కూడా పండిస్తున్నారు. ఆ ద్రాక్షతో చేసే వైన్‌లో పులుపు బాగా నిలబడుతుంది కనుక పండ్లతో కలిసినప్పుడు చప్పబడదు. ఇంకో మాట జాగ్రత్తగా వినండి. దుకాణంలో రెడ్ వైన్ ఇమ్మంటే చాలాచోట్ల గోవా పోర్ట్ వైన్ చేతిలో పెడతారు, ధర తక్కువ కాబట్టి మనమూ తీసుకుంటాం. అది ముందే బాగా తీపిగా ఉంటుంది. దానిలో పంచదార, పండ్లు వేస్తే రేవతి గారు వదిలేసిన ఆ షర్బత్తే ఇంట్లోనూ తయారవుతుంది.

నాందేడ్_అత్తమ్మ
పాత్ర గురించి ఎవరూ చెప్పలేదు. అందంగా కనబడుతుందని కళాయి లేని ఇత్తడి గిన్నెలోనో, రాగి బిందెలోనో కలపకండి. వైన్, నిమ్మ, సంత్రా అన్నీ పులుపే. పులుపు తగిలితే రాగి కరిగి ద్రవంలోకి వస్తుంది, నోటికి చేదు, కడుపుకు వికారం. అల్యూమినియం కూడా వద్దు. స్టీలు గిన్నె, గాజు పాత్ర, లేదా ఆవకాయ పెట్టుకునే పింగాణీ జాడీ వాడండి. జాడీ అయితే ఆవకాయ వాసన పూర్తిగా పోయిందో లేదో ముందురోజే చూసుకోవాలి, నూనె వాసన అంత తేలికగా వదలదు.

పైన్‌గంగ_ఒడ్డు
గ్లాసుల వెనుక గారు నాలుగు గంటలు అన్నారు. మా వణీలో మేము రాత్రంతా నానబెడతాం. పండు పూర్తిగా రంగెక్కి, కొరికితే వైన్ కారాలి. నాలుగు గంటల్లో పండు పైన తడుస్తుందే గాని లోపలికి ఏమీ పోదు.

గ్లాసుల_వెనుక
ఆపిల్, జామ, గట్టి ద్రాక్షలు అయితే మీ మాట నిజమే, అవి రాత్రంతా ఉన్నా చెడవు. ఇబ్బంది అంతా సంత్రాతో, నిమ్మతో. వాటి తొక్క కింద ఉండే తెల్లటి పొర, గింజలు ఎక్కువసేపు నానితే చేదు దిగుతుంది. పరదేశాల వంటకాలలో చెప్పే నారింజను తొక్కతోనే చక్రాల్లా కోసి వేస్తారు, ఆ తొక్క పండును గట్టిగా పట్టుకుని ఉంటుంది. మన సంత్రా తొక్క వదులు. చక్రాలుగా కోస్తే తొక్క ఒక పక్క, తొనలు ఒక పక్క తేలుతాయి. కాబట్టి తొక్క ఒలిచి, తొనల మీది నారలు తీసి, ప్రతి తొననూ వీపు దగ్గర చీల్చి గింజలు తీసేయండి. వాసన కోసం తొక్క పైపొరను మాత్రం పీలర్‌తో రెండు మూడు పట్టీలుగా, తెలుపు తగలకుండా తీసి వేస్తే చాలు.

పైన్‌గంగ_ఒడ్డు
నా బంధువులకు సంత్రా తోట ఉంది కాబట్టి దీనిలో నాకు తెలిసింది కూడా చెబుతాను. సంత్రా రసం తీసిన వెంటనే తియ్యగా ఉంటుంది, నిలవ ఉంచిన కొద్దీ చేదెక్కుతుంది. రసంలోకి వచ్చిన ఒక పదార్థం పులుపు తగిలాక మెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారడమే దీనికి కారణం, రసం సీసాల్లో నింపే ఫ్యాక్టరీలను కూడా ఈ చేదు వేధిస్తుంది. అందుకని రసం పొద్దున్నే తీసి పెట్టుకోకండి, ఆఖరు నిమిషంలో పిండండి. రేవతి గారికి కాలం కలిసివచ్చింది. నవంబరు, డిసెంబరుల్లో దిగే అంబియా బహార్ కాపు కంటే ఫిబ్రవరి, మార్చిలో దిగే మృగ్ బహార్ పండు తియ్యగా ఉంటుందని మా వైపు అందరూ అంటారు. ఆ పండు దొరికితే పంచదార సగానికి తగ్గించవచ్చు. రాత్రంతా నానబెట్టే విషయంలో మాత్రం, ఆపిల్‌ను నేను ముందురోజే వేస్తాను, సంత్రాను మీరు చెప్పినట్టు చివరి నాలుగు గంటల్లో కలుపుతాను.

గ్లాసుల_వెనుక
రెండింటిలోకీ అదే మంచి పద్ధతి. నేనూ ఒప్పుకుంటున్నాను.

బల్లార్షా_పంతులు
బ్రాందీ లేకపోతే సాంగ్రియా కాదన్న కిన్వట్ తమ్ముడి మాటను నేను అంగీకరించను. ఈ పానీయం స్పెయిన్, పోర్చుగల్ దేశాలది. అక్కడ ఇళ్లలో బ్రాందీ పోసేవారూ ఉన్నారు, పోయనివారూ ఉన్నారు, వేసవిలో వైన్‌లో సోడా మాత్రం కలుపుకుని తాగే అలవాటూ ఉంది. ఐరోపా సమాఖ్య 2014లో చేసిన 251వ నిబంధన ప్రకారం సాంగ్రియా పేరుతో అమ్మే పానీయంలో ఆల్కహాల్ 4.5 శాతానికి తగ్గకూడదు, 12 శాతానికి చేరకూడదు. స్పెయిన్‌లో గాని పోర్చుగల్‌లో గాని తయారైతేనే ఆ పేరుతో అమ్మాలి. దానికి ప్రాణం వైన్, నిమ్మజాతి పండ్లు. బ్రాందీ ఎవరి ఇష్టం వారిది. 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో స్పెయిన్ మంటపం ద్వారా అమెరికా వారికి ఇది బాగా పరిచయమైంది, ఆ తరువాత రకరకాల మద్యాలు కలిపే పద్ధతులు పెరిగాయి. మన ఇంటికి వచ్చేవారు మత్తు కోసం రావడం లేదు కదా, నాలుగు మాటలు చెప్పుకోవడానికి వస్తున్నారు. ఆ నాలుగు గంటలూ కూర్చోగలిగే పానీయం ఇవ్వడమే మర్యాద అని నా అభిప్రాయం.

కిన్వట్_కుర్రాడు
పంతులు గారూ, 60 మిల్లీలీటర్లు ఒక సీసాకు, అది ఐదారుగురికి పంచుతాం. ఒక్కొక్కరికి వచ్చేది చెంచాడు. దానికి ఇంత భయం ఎందుకు?

వరోరా_నర్సు
లెక్క వేసి చూద్దాం. వైన్‌లో 13 శాతం అనుకుంటే 750 మిల్లీలీటర్లలో దాదాపు 97 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. మన దేశపు బ్రాందీ 42.8 శాతం కనుక 60 మిల్లీలీటర్లలో మరో 26 చేరుతుంది. రసం, సోడాతో కలిపి మొత్తం సుమారు 1,160 మిల్లీలీటర్లు అవుతుంది. అంటే కలిపిన పానీయం 10 శాతం పైచిలుకు. బ్రాందీ లేకుండా అయితే దాదాపు తొమ్మిది శాతం. 200 మిల్లీలీటర్ల గ్లాసు ఒకటి తాగితే బ్రాందీ కలిపినదానిలో 21 మిల్లీలీటర్ల ఆల్కహాల్ వెళుతుంది, అది 30 మిల్లీలీటర్ల పెగ్గులు ఒకటిన్నరకు పైనే. పెగ్గు తాగేవారికి తాము ఎంత తాగుతున్నామో తెలుస్తుంది. సాంగ్రియా చల్లగా, తియ్యగా, పండ్లతో ఉంటుంది కాబట్టి దాహానికి తాగినట్టు తాగేస్తారు, లేచి నిలబడ్డాక గాని తెలియదు. నా భయం ఆ చెంచాడు గురించి కాదు, తాగుతున్నామని తెలియకుండా తాగడం గురించి.

అందుకే రేవతి గారికి నా సలహా: బ్రాందీ మానేయండి, చిన్న గ్లాసులు పెట్టండి, మంచినీళ్ల జగ్గు పక్కనే ఉంచండి, కాళ్లు తడబడేవారికి బండి తాళం ఇవ్వకండి. మందులు వాడుతున్నవారు ఎవరైనా ఉంటే, ముఖ్యంగా మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్, నిద్రమాత్రలు, షుగర్ మాత్రలు వాడేవారు, డాక్టర్ను అడగకుండా తాగకూడదని ముందే మెల్లగా చెవిన వేయండి. గర్భిణులకు అసలు వద్దు.

కిన్వట్_కుర్రాడు
పెగ్గు లెక్క చూశాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను అక్కా. మా ఇంట్లో అయితే అందరూ ద్రవం తాగేసి పండ్లు గిన్నెలో వదిలేస్తారు, ఆ పండ్లన్నీ మా చిన్నబావ ఖాళీ చేస్తాడు, పండ్లు ఆరోగ్యానికి మంచివని డాక్టర్ చెప్పాడట.

వరోరా_నర్సు
మీ చిన్నబావ గారు అందరికంటే ఎక్కువ తాగుతున్నారని ఆయనతో చెప్పండి. నానిన పండు ఆల్కహాల్‌ను పీల్చుకుంటుంది. పిల్లలున్న ఇంట్లో ఆ గిన్నె వారికి అందకుండా పెట్టడం మరీ అవసరం, పిల్లల కంటికి అది ఫ్రూట్ సలాడ్‌లాగే కనబడుతుంది.

బల్లార్షా_పంతులు
చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. మన చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్ 1 నుంచి మద్యనిషేధం ఉండేది, 2021లో ఎత్తివేశారు. ఇప్పుడు దుకాణంలో కొనవచ్చు, అయితే మహారాష్ట్రలో మద్యం కొనడానికి, తాగడానికి పర్మిట్ ఉండాలి, అది దుకాణంలోనే తీసుకోవచ్చు. వయసు విషయంలో వైన్‌కు 21 ఏళ్లు, బ్రాందీ వంటి వాటికి 25 ఏళ్లు. మరిది స్నేహితుల్లో 25 నిండనివారు ఉంటే బ్రాందీ కలిపిన గిన్నె వారి ముందు పెట్టకూడదు. బ్రాందీ మానేయమనడానికి నర్సు గారి లెక్కతోపాటు ఇదీ ఒక కారణం.

రాజురా_రేవతి
వారిలో ఇద్దరికి ఇంకా 24 ఏళ్లే. బ్రాందీ మానేస్తున్నాను. ఐదుగురిలో ఇద్దరు సిరోంచ నుంచి వస్తున్నారు, వారు మద్యం ముట్టరు. వైన్‌ను బాగా మరగబెడితే ఆల్కహాల్ ఆవిరైపోతుంది కదా, అలా చేసి వారికి ఇవ్వవచ్చా అని మా తోటికోడలు అడుగుతోంది.

గ్లాసుల_వెనుక
వద్దండి. మరగబెడితే అంతా పోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం పావుగంట ఉడికించిన వంటకంలో 40 శాతం ఆల్కహాల్ మిగిలి ఉంటుంది, గంట ఉడికించినా 25 శాతం ఉంటుంది. పైగా మరిగిన వైన్‌లో పండ్ల వాసన పోయి పులుపు, వగరు చిక్కబడతాయి.

సిరోంచ_గోదారి
నేను ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను, ఇప్పుడు చెప్పాలి. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. దాని కోసం మా ఆడవాళ్లు, ఊళ్లు కలిసి పోరాడారు. మాలో చాలామందికి అది కాగితం మీది చట్టం మాత్రమే కాదు. ముట్టనివారికి మరిగించిన వైన్ ఇవ్వడమంటే, మాంసం తినని అతిథికి ముక్కలు ఏరేసి పులుసు పోయడం. దయచేసి ఆ ఆలోచన మానండి. అలాగే మిగిలిన సీసాను ప్రేమతో మా వైపు వచ్చేవారి సంచిలో పెట్టి పంపకండి, మా జిల్లాలోకి అడుగుపెట్టగానే అది నేరం అవుతుంది.

మద్యం లేకుండా చేసేది వైన్ సాంగ్రియాకు చిన్న చెల్లెలిలా ఉండకూడదు, దాని రుచి దానికి ఉండాలి. చాలామంది ద్రాక్షరసంలో సోడా పోసి సరిపెడతారు. అది పిల్లల పానీయం అవుతుంది, ఎందుకంటే దానిలో వగరు ఉండదు. రెడ్ వైన్ నాలుక మీద ఆరినట్టు అనిపించడానికి కారణం ద్రాక్షతొక్కల నుంచి వచ్చే టానిన్. ఆ గుణం మన టీపొడిలో ఉంది, దానిమ్మలో ఉంది. నేను చేసే పద్ధతి ఇది. అర లీటరు నీటిని మరిగించి దించి, రెండు చెంచాల టీపొడి, దాల్చినచెక్క, రెండు లవంగాలు వేసి నాలుగు నిమిషాలకు వడగట్టేస్తాను. ఇంకా ఉంచితే వగరు కాస్తా చేదవుతుంది. అది చల్లారాక అర లీటరు నల్ల ద్రాక్షరసం, పావు లీటరు దానిమ్మరసం కలుపుతాను. పులుపు కోసం మరాఠీ కిరాణా దుకాణాల్లో ఆమ్‌సూల్ అని దొరికే ఎండు కోకం ఏడెనిమిది రెక్కలు కడిగి, గోరువెచ్చటి నీటిలో నానబెట్టి, పిసికి వడగట్టి పోస్తాను. ఉప్పు పట్టించిన కోకం అయితే రెండుసార్లు కడగాలి. రంగు కూడా దానితోనే లోతుగా వస్తుంది. కోకం దొరకని రోజు ఎర్ర గోంగూర కాయల రెక్కలు వాడతాను, ఎండబెట్టినవి మా ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. ఆ తరువాత అవే పండ్లు, అదే నాలుగు గంటల చల్లదనం, చివర్లో అదే సోడా. ద్రాక్షరసమే తియ్యగా ఉంటుంది కనుక పంచదార వేయను.

షుగర్ ఉన్నవారికి మాత్రం ఇది కూడా మంచిది కాదు. వారికి కోకం నీరు, టీ, నిమ్మ, సోడా చాలు, కొద్దిగా ఉప్పు, జీలకర్ర పొడి వేస్తే అదే ఒక మంచి పానీయం.

రాజురా_రేవతి
మరిగించిన వైన్ మాట ఇక ఎత్తను. టీ, కోకం పద్ధతి నాకు చాలా నచ్చింది. వచ్చేవారిలో నాకు తెలియకుండా షుగర్ ఉన్నవారు ఉండవచ్చు కనుక ఆ నిమ్మ, సోడా పానీయం కూడా ఒక చిన్న జగ్గులో పెడతాను.

నాందేడ్_అత్తమ్మ
రెండు పానీయాలూ ఎర్రగానే ఉంటాయి కదా, చీకటి పడ్డాక మేడ మీద ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది? పాత్రల ఆకారమే వేరుగా ఉండాలి. ఒకటి గాజు జగ్గు అయితే ఇంకొకటి స్టీలు బిందె. గరిటెలు కూడా వేరు. మద్యం లేనిదానిలో పుదీనా కొమ్మ వేసి, రెండోదానిలో వేయకపోతే గ్లాసులో పోశాక కూడా గుర్తు ఉంటుంది.

సిరోంచ_గోదారి
పుదీనా గుర్తు బాగుంది అత్తమ్మా. మా వాళ్లకు అడగాల్సిన మొహమాటం తప్పుతుంది.

ధర్మాబాద్_మిర్చి
తినడానికి ఏం పెడుతున్నారు? చంద్రపూర్, నాగ్‌పూర్ వైపు అతిథులంటే ఘాటు మసాలాతో సావజీ మటన్ చేస్తారని భయపడుతున్నాను. నేను మిర్చి వ్యాపారం చేసేవాడిని, కారానికి వ్యతిరేకిని కాను. అయినా అంత మసాలా మీద రెడ్ వైన్ తాగితే వగరు, కారం ఒకదానినొకటి రెచ్చగొట్టి నోరు మండిపోతుంది, చల్లగా ఉంది కదా అని గ్లాసు మీద గ్లాసు తాగుతారు, నర్సు గారు చెప్పిన ప్రమాదం అక్కడే వస్తుంది. సాంగ్రియా ఉన్నంతసేపూ ఉప్పు, నూనె, కరకర ఉండే తినుబండారాలు పెట్టండి: వేయించిన పల్లీలు, సకినాలు, ఉల్లి పకోడీలు, సర్వపిండి ముక్కలు. సావజీని ఆ తరువాత అన్నంతో, భాకరి (జొన్నరొట్టె)తో వడ్డించండి. ఖాళీ కడుపుతో మాత్రం ఎవరికీ మొదటి గ్లాసు ఇవ్వకండి.

పైన్‌గంగ_ఒడ్డు
మార్చి రెండో వారానికే మన వైపు ఎండ ముదురుతుంది, మేడ మీద రాత్రి కూడా వేడి గాలి ఉంటుంది. ఐసు ముక్కలు వేస్తే పది నిమిషాల్లో కరిగి పానీయం పలచబడుతుంది. గింజలేని ద్రాక్షలు ఆ నెలలో చవక, వాటిని కడిగి, తుడిచి ముందురోజు ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టిన ద్రాక్షలే ఐసులా పని చేస్తాయి, కరిగినా నీరు చేరదు. జగ్గును ఐసు నీళ్లున్న వెడల్పాటి బేసిన్‌లో కూర్చోబెడితే ఇంకా మంచిది. కరెంటు పోయే ఊరు కనుక ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తెరవకండి. వైన్ సీసాలను కూడా వంటింటి అటక మీద దాచకండి, ఆ వేడికి వైన్ వాసన చెడిపోతుంది.

సోలాపూర్_మగ్గం
అరటి, బొప్పాయి, పుచ్చకాయ ముక్కలు వేయకూడదని చెప్పడం మరిచాం. అవి మెత్తబడి చిదిమిపోతాయి, జగ్గు అడుగున గుజ్జు చేరుతుంది. దానిమ్మ గింజలు వేయవచ్చు, మా సోలాపూర్ దానిమ్మకు అందులో సాటి లేదు. అనాసను గట్టిగా ఉన్నప్పుడే వేయండి.

కిన్వట్_కుర్రాడు
తెల్ల వైన్‌తో కూడా చేయవచ్చా? మా అక్కకు రెడ్ వైన్ వగరు పడదు.

గ్లాసుల_వెనుక
చేయవచ్చు. నాసిక్ షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ తీసుకోండి, కొంత తీపి దానిలోనే ఉంటుంది కనుక పంచదార ఒక చెంచా చాలు. ఆకుపచ్చ ఆపిల్, తెల్ల ద్రాక్ష, గట్టి జామ, పుదీనా వేయండి, దాల్చినచెక్క వద్దు. దీనికి రెండు గంటలు చాలు, సీసా తీసిన తెల్ల వైన్ వాసన త్వరగా పోతుంది. అయితే జామలో గింజల భాగం తీసి పారేయండి. తెల్లదానిలో పుదీనా వేశారు కనుక అత్తమ్మ గారి గుర్తు అక్కడ పనికిరాదు, మద్యం లేనిదానికి వేరే గుర్తు పెట్టుకోవాలి.

ధర్మాబాద్_మిర్చి
మా ఊళ్లో ఒకాయన ద్రాక్షలు పులియబెట్టి ఇంట్లోనే వైన్ చేస్తానంటున్నాడు. సాంగ్రియాకు అది సరిపోతుందా?

బల్లార్షా_పంతులు
లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం మన రాష్ట్రంలో నేరం. సాంగ్రియాలో మనం పులియబెట్టేది ఏమీ లేదు, కొన్న వైన్‌లో పండ్లు నానబెడుతున్నాం అంతే. దానిని కూడా ఫ్రిజ్ బయట రాత్రంతా వదిలేయకూడదు. పండ్ల తీపి, మన వేడి కలిస్తే అది మళ్లీ పులవడం మొదలుపెడుతుంది.

రాజురా_రేవతి
మరొక సందేహం. మిగిలిపోతే ఎన్నాళ్లు ఉంచవచ్చు? అన్నీ కొలిచి చేసినా వచ్చేవారు ఎంత తాగుతారో చెప్పలేం కదా.

గ్లాసుల_వెనుక
సోడాను మొత్తం జగ్గులో పోయకుండా ఎవరి గ్లాసులో వారికి పోస్తే మిగిలినది చెడదు. ఏడుగురికి రెండు సీసాలనూ ఒకేసారి కలపకండి, ఒక సీసాకు సరిపడా పండ్లు వేసి మొదటి జగ్గు సిద్ధం చేయండి, రెండో సీసాకు పండ్లను పంచదారతో వేరే గిన్నెలో ఉంచి, మొదటిది సగం అయ్యాక వైన్ పోయండి. నానే సమయం తక్కువైనా అప్పటికి పండు రసం వదిలి ఉంటుంది కనుక రుచి దగ్గరగానే వస్తుంది. అప్పటికీ మిగిలితే ఆ రాత్రే పండ్లన్నీ వడగట్టి తీసేయండి, ద్రవాన్ని గాజు సీసాలో అంచుదాకా నింపి బిగుతుగా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రెండు రోజుల్లో తాగేయాలి. మద్యం లేనిది అంతసేపు కూడా ఆగదు, మర్నాడు సాయంత్రానికి ముగించాలి.

వరోరా_నర్సు
తీసేసిన పండ్లను ఆవులకు, మేకలకు వేయకండి, పెరట్లో పడేసి కుక్కలకు అందనివ్వకండి. కుక్కలకు ఆల్కహాల్, ద్రాక్ష రెండూ విషమే. గుంటలో పూడ్చి మట్టి కప్పండి.